కుందేలుకు ఎన్ని కాళ్లో ఫోనునే అడుగుదాం



1951 నవంబరు 10. ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ కౌంటీలో, స్లేనీ నది పక్కన కొందరు పెద్దమనుషులు పిట్టల వేటకు వెళ్లారు. వాళ్లలో సర్ హ్యూ బీవర్ ఒకరు. గిన్నెస్ బీరు తయారుచేసే కంపెనీకి ఆయన మేనేజింగ్ డైరెక్టర్. ఆయన గురిపెట్టిన గోల్డెన్ ప్లోవర్ అనే పిట్ట తూటాకు దొరక్కుండా రివ్వున ఎగిరిపోయింది. గురి ఎందుకు తప్పిందన్న మాటతో మొదలై, సాయంత్రం బసకు చేరేసరికి అది వాదనగా ముదిరింది. యూరప్‌లో వేటాడే పిట్టల్లో అన్నిటికంటే వేగంగా ఎగిరేది ఏది? గోల్డెన్ ప్లోవరా, రెడ్ గ్రౌజా? బస చేసిన ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశారు. జవాబు దొరకలేదు.

ఇంకొకరైతే ఆ సంగతి తెల్లారేసరికి మరిచిపోయేవారు. బీవర్ మరిచిపోలేదు. బ్రిటన్‌లో, ఐర్లండ్‌లో ప్రతి పబ్బులోనూ రోజూ రాత్రి ఇలాంటి వాదనలు ఎన్నో నడుస్తుంటాయి, వాటిని తేల్చిచెప్పే పుస్తకం మాత్రం ఒక్కటీ లేదే అని ఆయనకు తట్టింది. 1954లో నారిస్, రాస్ మెక్‌విర్టర్ అనే కవల సోదరులకు ఆ పని అప్పజెప్పారు. 1955 ఆగస్టు 27న 198 పేజీల పుస్తకం బైండింగు పూర్తయి చేతికొచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోతున్న పుస్తకం అదే. గిన్నెస్ రికార్డులనగానే మనకు గజాల కొద్దీ పెరిగిన మీసాలూ, మెలికలు తిరిగిన గోళ్లూ గుర్తుకొస్తాయి. ఆ పుస్తకం పుట్టింది మాత్రం సరదా తగవులు తీర్చడానికి.

దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత ఆ పుస్తకం కూర్చున్న చోటికి ఫోను వచ్చి చేరింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. 2024 జూన్‌లో గూగుల్ వారి జెమినీ యాప్ తెలుగుతో కలిపి తొమ్మిది భారతీయ భాషల్లో మన దేశానికి వచ్చింది. అదే నెలలో వాట్సాప్‌లోకి మెటా ఏఐ దిగింది. అంటే మేనమామలూ పెద్దమ్మలూ వదినలూ మరుదులూ అందరూ ఉండే కుటుంబం గ్రూపులోకే మధ్యవర్తి నడిచొచ్చాడన్న మాట. ఇక ఎవరు ఊరుకుంటారు? సచిన్ వన్డేల్లో తొలి సెంచరీ షార్జాలో కొట్టాడని బాబాయి, కాదు కొలంబోలోనని అబ్బాయి. పెరుగన్నంలోకి ఆవకాయ నంజుకోవడమే పద్ధతని ఒకరు, మాగాయ ఉండగా ఆవకాయ ఏమిటని ఇంకొకరు. ఫ్యాను మూడు మీద తిరగాలా, ఐదు మీద తిరగాలా అన్నది రాత్రి పదింటి వాదన. ‘సరే, ఏఐని అడుగుదాం’ అన్న మాట ఇప్పుడు మన ఇళ్లలో, హాస్టల్ గదుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో తరచుగా వినపడుతోంది.

సచిన్ సంగతి ముందే చెప్పేస్తే బాబాయికీ అబ్బాయికీ నిద్ర పడుతుంది. 1994 సెప్టెంబరు 9, కొలంబో, ఆస్ట్రేలియా మీద 110 పరుగులు. అది సచిన్‌కు 79వ వన్డే. అబ్బాయే గెలిచాడు.

ఇలాంటి తగవులకు యంత్రం నిజంగా పనికొస్తుంది. తేదీ, స్కోరు, దూరం, ఎత్తు, ఏ సినిమా ఏ సంవత్సరం విడుదలైంది వంటి వాటికి ఎక్కడో ఒకచోట రాసిపెట్టిన జవాబు ఉంటుంది. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. గిన్నెస్ పుస్తకం తెరిస్తే అచ్చయిన అంకె కనపడుతుంది. చాట్‌జీపీటీ వంటి వాటి వెనకుండే భాషా నమూనా అలా పుస్తకం తెరిచి చూసి చెప్పదు. కోట్ల కొద్దీ వాక్యాలు చదివిన అలవాటు మీద, ఈ మాట తర్వాత ఏ మాట రావడానికి వీలుందో లెక్కగట్టి వాక్యం అల్లుతుంది. ఎక్కువమంది ఎక్కువసార్లు రాసిన విషయమైతే ఆ అల్లిక సరిగ్గానే కుదురుతుంది. అరుదైన విషయమైతే తెలియని చోట కూడా తెలిసినట్టే ధారాళంగా అల్లుకుపోతుంది. 2023 జూన్‌లో న్యూయార్కు కోర్టు ఇద్దరు వకీళ్లకూ వాళ్ల సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. వాళ్లు దాఖలు చేసిన కాగితాల్లో చాట్‌జీపీటీ కల్పించిన కేసులు ఉన్నాయి. పేర్లున్నాయి, నంబర్లున్నాయి, తీర్పుల్లోని మాటలున్నాయి. కేసులే లేవు. అందుకే ఇప్పుడు చాలా యాప్‌లు ఇంటర్నెట్‌లో వెతికి, ఎక్కడి నుంచి తీసుకున్నదీ చూపించే ఏర్పాటు చేసుకున్నాయి. పందెం కాసిన వాళ్లు ఆ లింకు నొక్కి చూస్తే తప్ప ఆట పూర్తయినట్టు కాదు.

అక్షరాల తగవులు మరీ రుచికరం. ఇంగ్లీషులో స్ట్రాబెర్రీ అనే మాటకు స్పెల్లింగులో ‘ఆర్’ ఎన్నిసార్లు వస్తుందని 2024లో లోకమంతా ఈ యంత్రాలను అడిగి చూసింది. మూడుసార్లు వస్తుంది. పేరున్న నమూనాలు కూడా రెండని చెప్పాయి, ఎదురు ప్రశ్నిస్తే వాదించాయి కూడా. కారణం తెలిస్తే ఆశ్చర్యం తగ్గుతుంది. అవి మాటను అక్షరం అక్షరంగా చూడవు. టోకెన్లనే ముక్కలుగా చూస్తాయి. మనిషి కూరలో ఉల్లిపాయ రుచి పట్టగలడు, ఎన్ని ముక్కలు తరిగి వేశారో చెప్పలేడు. దాదాపు అలాంటిదే ఇది.

తెలుగులో ఈ చిక్కు ఇంకాస్త బిగుసుకుంటుంది. ‘రాష్ట్రం’ అనే మాటలో ఎన్ని అక్షరాలు? ఏ బడిపిల్లను అడిగినా రెండని చెబుతుంది: రా, ష్ట్రం. కంప్యూటరు లోపల దాచుకునే పద్ధతిలో ఆ మాట ఎనిమిది సంకేతాలు. ర ఒకటి, దాని దీర్ఘం ఒకటి, ష ఒకటి, పొల్లు ఒకటి, ట, మళ్లీ పొల్లు, ర, చివర సున్న. ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున ఇరవై నాలుగు బైట్లు. అంత్యాక్షరి ఆడుతూనో, పదబంధం పూరిస్తూనో ‘ఈ మాటకు అక్షరాలెన్ని’ అని ఫోనును అడిగితే అది ఐదనో ఎనిమిదనో చెప్పిందంటే అల్లరి కాదు, దాని కళ్లకు మాట కనపడే తీరే అంత. ఇలాంటి చోట పదేళ్ల పిల్ల చెప్పిన జవాబును పెద్దలు నమ్మవచ్చు. పైగా ఆ పిల్లకు అంత పెద్ద యంత్రాన్ని ఓడించిన ఆనందం మిగులుతుంది. ఆ ఆనందం చిన్నదేమీ కాదు.

ఇక రెండో రకం తగవులున్నాయి. పైకి నిజానిజాల తగవుల్లాగే కనపడతాయి, లోపల ఉండేది మాటకున్న అర్థం గురించిన పేచీ. టమాటా పండా, కూరగాయా అన్నది వీటికి పెద్దన్న. ఇది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1883 నాటి చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చే కూరగాయలకు సుంకం ఉంది, పండ్లకు లేదు. న్యూయార్కు రేవులో టమాటాలకు సుంకం వసూలు చేస్తే నిక్స్ అనే వర్తక కుటుంబం రేవు అధికారి హెడెన్ మీద దావా వేసింది. కోర్టులో నిఘంటువులు చదివి వినిపించారు. 1893 మే 10న తీర్పు వచ్చింది. వృక్షశాస్త్రం లెక్కన టమాటా పండే, కానీ జనం దాన్ని భోజనంలో తింటారు గాని భోజనం అయ్యాక తీపి పదార్థంలా తినరు, కాబట్టి సుంకం విషయంలో అది కూరగాయే అని న్యాయమూర్తులందరూ ఒక్కమాటగా చెప్పారు. చప్పున తోసిపారేయదగ్గ తీర్పు కాదది. పదానికి అర్థం నిఘంటువులో ఎంత ఉందో వంటింట్లోనూ అంతే ఉందని ఒప్పుకున్న తీర్పు.

మన దేశానికీ ఈ భోగం దక్కింది. 2020లో కర్ణాటకలో జీఎస్టీ ముందస్తు నిర్ణయాల సంస్థ ప్యాకెట్లో అమ్మే పరోటా రోటీ కిందికి రాదని తేల్చింది. రోటీకి 5 శాతం పన్నైతే పరోటాకు 18 శాతం. దక్షిణాదిలో పరోటా ప్రియులంతా భగ్గుమన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ పన్ను తీసేశాక ఆ తగవు చల్లారింది. కొబ్బరినూనె తిండినూనా, తలనూనా అన్నదాని మీద 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే తీర్పు చెప్పాల్సి వచ్చింది. చిన్న సీసాలో పోసినంత మాత్రాన అది తలనూనె అయిపోదని ధర్మాసనం తేల్చింది. కోనసీమ వాళ్లకు కొబ్బరినూనె అంటే ముందు తల గుర్తొస్తుంది, కేరళ వాళ్లకు మూకుడు గుర్తొస్తుంది. యంత్రం ఎవరి వైపు నిలబడాలి?

తెలుగువాళ్ల మధ్యనే ఇలాంటివి బోలెడు. పెళ్లితో కలిసిన రెండు జిల్లాల వాళ్లు ఒకే ఇంట్లో ఉంటే రోజుకొకటి పుడుతుంది. గుంటూరు అత్తగారు గోంగూర అంటే, నిజామాబాద్ కోడలు పుంటికూర అంటుంది. రెండూ ఒకటేనా? ఒకటే, మందార జాతికి చెందిన ఆకుకూర, పేరు ప్రాంతాన్ని బట్టి మారింది. ఫోను ఈ జవాబు బాగానే చెబుతుంది. దాన్ని బోల్తా కొట్టించేది ఇంకోటి ఉంది. తెలంగాణలో, ఉత్తరాంధ్రలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ, గింజలు ఒలిచి కూర చేసుకుంటారు, చలికాలంలో పితికిన పప్పు చేసుకుంటారు. రెండు మాటలకూ మధ్య తేడా ఒక్క దీర్ఘం. మన వాళ్లలో చాలామంది ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అలా కొట్టినప్పుడు ఆ దీర్ఘం ఎగిరిపోతుంది. సొరకాయా చిక్కుడుకాయా ఒకే స్పెల్లింగులో దూరి కూర్చుంటాయి. అప్పుడు శ్రీకాకుళం అల్లుడూ మదనపల్లె మామా ఇద్దరూ ‘ఆనపకాయకు గింజ ప్రధానమా, గుజ్జు ప్రధానమా’ అని ఫోనును అడిగితే అది ఏదో ఒక కాయను పట్టుకుని పేజీడు రాస్తుంది. అందులో ఒకరికి మాత్రమే తమ ఊరి కూర కనపడుతుంది. తప్పు యంత్రానిది అనుకుని ఇద్దరూ రాజీపడతారు. నిజానికి వాళ్ల మధ్య తగవే లేదు, ఇద్దరూ రెండు వేరు వేరు కాయల గురించి మాట్లాడుకున్నారు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికైనా ఆ ప్రశ్న తెలుగు లిపిలో అడగడం మేలు.

వరసల విషయమూ ఇంతే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ‘ఆ అబ్బాయి నాకేమవుతాడు’ అని యంత్రాన్ని అడుగుతారు. ఇంగ్లీషులో అందరూ కజిన్‌లే. తెలుగులో అమ్మ చెల్లెలి కొడుకు అన్నో తమ్ముడో, అమ్మ తమ్ముడి కొడుకు బావో బావమరిదో. ఇంగ్లీషు మాట గుండా వెళ్లొచ్చిన జవాబు బావను అన్న చేసేస్తే ఇల్లంతా నవ్వులే. ఈ పరీక్షలో అమ్మమ్మను మించిన మధ్యవర్తి లేదు.

ఇంతకీ అసలు చిక్కు ఇంకొకటి. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే వాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అలాంటి మనిషి ఫోను తీసి ‘కుందేళ్లలో మూడు కాళ్లవి కూడా ఉంటాయి కదా’ అని అడిగితే ఏం జరుగుతుంది? చాలాసార్లు యంత్రం ముందు ‘మంచి ప్రశ్న’ అంటుంది. తర్వాత గాయం వల్లో పుట్టుకతోనో మూడు కాళ్లే ఉన్న కుందేళ్ల గురించి రాస్తుంది. ఆ మనిషి తల ఎగరేస్తాడు. అడిగిన వాళ్ల వైపు మొగ్గడం ఈ యంత్రాలకు గట్టి అలవాటు. తయారీలో మనుషులు జవాబులకు మార్కులు వేస్తారు. తమతో ఏకీభవించే జవాబు మనిషికి కొంచెం ఎక్కువ నచ్చుతుంది. ఆ కొంచెమే లక్షల మార్కుల్లో పోగై గుణంగా మారుతుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీకి చేసిన ఒక మార్పు వల్ల అది మరీ ఎక్కువగా పొగడడం, దేనికైనా తల ఊపడం మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే ఓపెన్‌ఏఐ సంస్థ ఆ మార్పును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టిన అధ్యయనం 11 నమూనాలను పరీక్షించింది. ‘నేను చేసింది సరైనదేనా’ అన్న తరహా ప్రశ్నలకు తోటి మనుషుల కన్నా ఈ యంత్రాలు 50 శాతం ఎక్కువగా ‘సరైనదే’ అంటున్నాయని తేలింది.

అందుకే ఒకే ఇంట్లో భార్య ఫోను ఒక తీర్పు, భర్త ఫోను ఇంకో తీర్పు చెబుతాయి. గిన్నెలు కడిగే వంతు ఎవరిదన్న ప్రశ్నకు ‘నిన్నంతా నేనే వంట చేశాను, ఈరోజు గిన్నెలు కూడా నేనే కడగాలా’ అని ఆమె అడుగుతుంది. ‘వారం నుంచీ గిన్నెలు నేనే కడుగుతున్నాను, ఈ ఒక్కరోజూ మానేస్తే తప్పా’ అని ఆయన అడుగుతాడు. రెండు ఫోన్లూ ‘మీ మాటలో న్యాయముంది’ అంటాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రశ్నలోనే సగం తీర్పు దాక్కుని ఉంది.

తగవు తీర్చే వాడికి మొగ్గు ఉండే తీరు మీద ఇంకో చక్కని పరిశోధన ఉంది. 2023లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం పరిశోధకులూ వాళ్ల సహచరులూ కలిసి, రెండు జవాబుల్లో ఏది మెరుగో చెప్పే న్యాయనిర్ణేత స్థానంలో ఈ నమూనాలను కూర్చోబెట్టి చూశారు. వాటిలో ఒకటైన జీపీటీ-4 తీర్పు మనుషుల తీర్పుతో 80 శాతానికి పైగా కలిసింది. ఇద్దరు మనుషుల తీర్పులు ఒకదానితో ఒకటి కలిసేదీ ఇంచుమించు అంతే. చిన్న విషయం కాదిది. అయితే కొన్ని బలహీనతలూ బయటపడ్డాయి. ముందు ఎవరి జవాబు పెడితే వాళ్ల వైపు వాలిపోయే అలవాటు కనపడింది. ఎవరి జవాబు పొడుగ్గా ఉంటే అదే గొప్పదనుకునే అలవాటు కూడా ఉంది. మన రచ్చబండ దగ్గర కూడా ముందుగా నోరు తెరిచినవాడికీ ఎక్కువసేపు మాట్లాడినవాడికీ కాస్త మొగ్గు దొరికేది. యంత్రం మనుషుల రాతల నుంచే నేర్చుకుంది, బహుశా ఆ గుణమూ అక్కడి నుంచే ఎక్కిందేమో.

ఇది తెలిసిన వాళ్లు ఆటను భలే రక్తి కట్టిస్తున్నారు. ఫోను ఎవరి చేతిలోనూ ఉండదు, బల్ల మధ్యలో ఉంటుంది. ప్రశ్న ఏ మాటల్లో అడగాలో ఇద్దరూ ముందుగా ఒప్పుకోవాలి. ‘ఒకరు ఇలా అంటున్నారు, ఇంకొకరు అలా అంటున్నారు’ అని రాస్తారే గాని, అడిగేది ఎవరో చెప్పరు. ఇద్దరికీ సమానంగా మూడేసి వాక్యాలు. ఒకసారి తీర్పు వచ్చాక వరస తారుమారు చేసి మళ్లీ అడుగుతారు. రెండుసార్లూ ఒకే తీర్పు వస్తేనే చెల్లుతుంది, లేకపోతే డ్రా. ఆశ్చర్యమేమిటంటే, ప్రశ్న ఒప్పుకునే దగ్గరే సగం తగవులు తేలిపోతాయి. ‘నేనన్నది అది కాదు’, ‘మరి ఏమన్నావు’, ‘ఇది’, ‘ఓ, అదా! అదైతే నేనూ ఒప్పుకుంటాను’. ఫోను తెరవకముందే ఆట అయిపోతుంది.

తీర్పు చెప్పే గొంతు మార్చుకోవడం ఇంకో సరదా. మర్యాద రామన్న కథల్లో తీర్పులాగా చెప్పమంటే దొంగను పట్టే ఉపాయంతో సహా చెబుతుంది. ‘వాది, ప్రతివాది’ అంటూ కోర్టు భాషలో చెప్పమంటే రిమోటు దిండు కింద దాచిన తమ్ముడికి వారం రోజులు టీవీ నిషేధం విధిస్తుంది. బుర్రకథ ఫణితిలో చెప్పమని అడిగినవాళ్లకు మాత్రం తందాన మీద తందాన తప్ప కథ నడవదు, తెలుగు ఛందస్సూ లయా ఇంకా దానికి పూర్తిగా వంటబట్టలేదు. పిల్లలున్న ఇంట్లో మెరుగైన ఆట ఒకటుంది. అక్క వాదనను తమ్ముడూ, తమ్ముడి వాదనను అక్కా వినిపించాలి. ఎవరు ఎదుటివాళ్ల పక్షాన బాగా వాదించారో యంత్రం చెప్పాలి. బట్టలు మడతపెట్టే వంతు గురించి మొదలైన గొడవలో అక్కకు సాయంత్రం ట్యూషన్ ఉన్న సంగతి తమ్ముడి నోటే వినిపిస్తుంది.

క్రికెట్ చూసేవాళ్లకు ఈ మధ్యవర్తి కొత్తేమీ కాదు. 1992 నవంబరులో డర్బన్ టెస్టులో థర్డ్ అంపైర్ పద్ధతి మొదలైంది. ఆ పద్ధతిలో రనౌటైన తొలి బ్యాట్స్‌మన్ సచినే. యంత్రం మైదానంలోకొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. దాన్ని వాడుకునే తీరులో క్రికెట్ ఒక గొప్ప మర్యాద నేర్చుకుంది. ఎల్బీడబ్ల్యూ రివ్యూలో బంతి వికెట్లను ఏ కొంచెమో అంచున తాకేట్టుందని తెరమీద కనపడితే, యంత్రం తన మాట చెల్లాలని పట్టుబట్టదు. అంపైర్స్ కాల్ అంటారు. మైదానంలో నిలబడ్డ మనిషి ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. తన చూపు ఎంతవరకు నమ్మదగ్గదో ఆ ఏర్పాటుకు తెలుసు. మన ఫోన్లోని మధ్యవర్తికి ఇప్పటికీ బాగా కొరవడింది ఇదే. సందేహమున్న చోట కూడా సందేహం లేని గొంతుతో మాట్లాడుతుంది. ‘ఈ జవాబు మీద నీకు ఎంత నమ్మకం, ఎక్కడ తప్పు కావచ్చు’ అని విడిగా అడిగితే కొంత దిగివస్తుంది. ఆ ఒక్క ప్రశ్న అడిగే అలవాటు చేసుకున్న ఇంట్లో ఆట బాగుంటుంది.

తీర్పే వద్దు, పొత్తు కుదిర్చితే చాలనుకునే వాళ్ల కోసం మరో దారి ఉంది. గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు 2024 అక్టోబరులో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. జర్మన్ తత్వవేత్త హాబర్‌మాస్ పేరు పెట్టుకున్న ఆ యంత్రం ఎవరిది ఒప్పో చెప్పదు. గుంపులోని ఒక్కొక్కరి అభిప్రాయం చదివి, అందరూ సంతకం పెట్టగలిగే ఒక వాక్యసమూహం రాస్తుంది. ఇందులో ఈ మాట నచ్చలేదంటే విని, మళ్లీ రాస్తుంది. బ్రిటన్‌లో 5,700 మందికి పైగా పాల్గొన్నారు. మనిషి మధ్యవర్తి రాసినదాని కన్నా యంత్రం రాసింది నచ్చిందన్న వాళ్లు 56 శాతం. వాళ్లు చర్చించినవి దేశానికి సంబంధించిన పెద్ద పెద్ద విషయాలు. అయితే వేసవి సెలవులకు అరకు వెళ్లాలా, అమ్మమ్మ ఊరు వెళ్లాలా అన్న దానికీ ఆ పద్ధతి పనికొస్తుంది. పొత్తు కుదరని చోట రసగుల్లాను గుర్తు చేసుకోవచ్చు. అది మాదంటే మాదని బెంగాల్, ఒడిశా పోట్లాడుకున్నాయి. 2017లో బాంగ్లార్ రసగుల్లాకు, 2019లో ఒడిశా రసగోలాకు విడివిడిగా భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. రెండూ తీపే, రెండింటి పాకం వేరు.

మరి అన్నీ ఫోను ముందు పెట్టదగ్గవేనా? కావు. పెళ్లిలో ఎవరిని ముందు పిలిచారన్న మాట సరదాగా మొదలై ఎప్పటిదో గాయాన్ని తాకిందనుకుందాం. అక్కడ తీర్పు కోసం ఎవరూ ఎదురుచూడరు, విన్నామన్న మాట కోసం ఎదురుచూస్తారు. అప్పుడు ఫోను ఎత్తి ‘ఏఐ కూడా నీదే తప్పంది’ అనడం కన్నా క్రూరమైన పని ఉండదు. పిట్టపోరు పిల్లి తీర్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇంటి గుట్టు యాప్‌లో పోసినప్పుడు అది ఎక్కడో ఒక సర్వరులో చేరుతుంది. వకీలుకో వైద్యుడికో చెప్పిన మాటకుండే చట్టరక్షణ చాట్‌జీపీటీతో చెప్పిన మాటకు లేదని 2025 జూలైలో ఓపెన్‌ఏఐ అధిపతి సామ్ ఆల్ట్‌మన్ స్వయంగా ఒప్పుకున్నారు. అదే నెలలో కేరళ హైకోర్టు తన పరిధిలోని జిల్లా కోర్టులకు ఇచ్చిన విధానంలో తీర్పులు చెప్పడానికి ఏఐని వాడొద్దని స్పష్టం చేసింది. న్యాయస్థానం వద్దన్న పనిని మేనత్తతో వచ్చిన మాటపట్టింపు విషయంలో అప్పజెప్పడం ఎందుకు?

సరదా తగవులకు మాత్రం కొదవ లేదు, వేసవి వస్తే అసలే లేదు. మామిడిపళ్లలో రాజు ఎవరన్న వాదన తెలుగునాట ఎన్ని తరాల నుంచి నడుస్తోందో. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చాక బంగినపల్లి పక్షం వాళ్ల గొంతు పెరిగింది. నూజివీడు రసాల పక్షం వాళ్లు ఏమీ తగ్గలేదు. కోసుకుని మర్యాదగా ముక్కలు తినేది బంగినపల్లి అని వాళ్లు, పిసికి మూతి దగ్గర పెట్టుకుని పీల్చనిది మామిడిపండే కాదని వీళ్లు.

మే నెల మధ్యాహ్నం. పెరట్లో నీళ్ల బకెట్టు. అందులో ఉదయం నుంచీ నానుతున్న పళ్లు రెండు రకాలూ ఉన్నాయి. మనవడు ఫోను తీసి, పెద్దలు ఒప్పుకున్న మాటల్లోనే ప్రశ్న చదివి వినిపించాడు. వరస మార్చి రెండోసారీ అడిగాడు. రెండుసార్లూ యంత్రం పీచు గురించీ, తీపి గురించీ, పండే నెలల గురించీ వివరంగా చెప్పి, రుచి సంగతి తిన్నవాళ్లకే వదిలేసింది. తాతయ్య బకెట్లో చెయ్యి పెట్టి ఒక రసం తీశాడు. పెద్దమ్మ కత్తిపీట ముందుకు లాక్కుని బంగినపల్లి కోసింది. కాసేపటికి ఫోను మోగింది, ఎవరో చుట్టాలు. తియ్యడానికి ఎవరి చేతులూ ఖాళీగా లేవు. రసం మోచేతుల దాకా కారుతోంది.